పాప్‌కార్న్ మెషీన్‌తో ఇంట్లో కాఫీ గింజలు వేయించుకోవచ్చా? మెషీన్‌లో మార్పులు చేయాల్సిందేనా?

వేయించుకోవచ్చు. నేను 6 ఏళ్లుగా అలాగే వేయించుకుంటున్నాను. కానీ మీరు అడిగిన రెండో ముక్కే అసలైన ప్రశ్న. మెషీన్‌ని ముట్టుకోకుండా వేయిస్తే కాఫీ వస్తుంది. అది తాగి "ఇంట్లో వేయించుకుంటే ఇంతేనా?" అని నెల తిరక్కుండా మానేసినవాళ్లను నాకు తెలిసి నలుగురిని చూశాను. గింజలు మంచివే, మనుషులు శ్రద్ధగలవాళ్లే. నలుగురి కాఫీనీ చెడగొట్టింది మెషీన్ తొందర.

మొక్కజొన్న గింజ దాదాపు 180 డిగ్రీల దగ్గర పేలుతుంది. దానికి రెండు మూడు నిమిషాల్లో గబగబా వేడి తగలాలి, వేడిగాలి కొట్టే ఈ మెషీన్ తయారైంది అందుకే. కాఫీ గింజకి ఆ వేగం పనికిరాదు. పచ్చి గింజలో 10 నుంచి 12 శాతం తేమ ఉంటుంది. ముందు అది ఆరాలి. ఆకుపచ్చ పోయి పసుపు రావాలి, పసుపు పోయి గోధుమరంగు రావాలి. తర్వాత 196 నుంచి 205 డిగ్రీల మధ్య ఎక్కడో గింజ టప్‌మని చిట్లుతుంది. అదే ఫస్ట్ క్రాక్. ఇంకా వేడి పెడితే 225 అటూ ఇటూగా రెండోసారి చిట్లుతుంది, ఈసారి చప్పుడు సన్నగా చిటచిటమని ఉంటుంది. మార్చని మెషీన్ ఈ దారి మొత్తాన్నీ 4 నిమిషాల్లో పరుగెత్తించేస్తుంది. గింజ పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. కప్పులో పులుపు, గడ్డి వాసన, చివర్లో కాలిన చేదు మూడూ కలిసి వస్తాయి. దోరగా వేగడానికి గింజకి టైమ్ ఇవ్వాలి. మార్పులన్నీ ఆ టైమ్ కోసమే.

మెషీన్ ఇంకా కొనకపోతే, కొనేముందు గింజలు పోసే గిన్నెలోకి తొంగిచూడండి. గాలి పక్కల ఉన్న చీలికల్లోంచి వచ్చి గింజల్ని గిరగిరా తిప్పేది తీసుకోండి. అడుగున జల్లెడలాంటిది ఉండి కిందినుంచి గాలి కొట్టేది వద్దు. కాఫీ గింజ వేగుతున్నప్పుడు పొట్టు రాలుతుంది. ఆ పొట్టు, విరిగిన ముక్కలు జల్లెడలోంచి కింద ఎర్రగా కాలే హీటర్ తీగచుట్ట (కాయిల్) మీద పడితే అంటుకుంటాయి. ఈ విషయంలో నేను రాజీపడను.

ఇక లోపల ఏముంటుందంటే, ఫ్యాన్ తిప్పేది చిన్న డీసీ మోటార్. దానికి విడిగా కరెంట్ ఉండదు. హీటర్ కాయిల్‌లో ఒక భాగమే వోల్టేజ్ తగ్గించి, ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల గుండా మోటార్‌కి పంపుతుంది. అంటే ఫ్యాన్, హీటర్ రెండూ ఒకే ముడిలో ఉన్నాయి. వేడి తగ్గిద్దామని మెషీన్‌కి డిమ్మర్ పెడితే ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది, గింజలు కదలకుండా ఒకచోటే కూర్చుని మాడతాయి. ఈ ముడి విప్పడమే మార్పు. ఫ్యాన్‌కి దాని మోటార్‌కి సరిపడే డీసీ అడాప్టర్, హీటర్‌కి వేరే డిమ్మర్. 1200 వాట్ల హీటర్ 230 వోల్టుల లైన్‌లో 5 ఆంపియర్లకు పైనే లాగుతుంది, కాబట్టి డిమ్మర్‌ని దానికి రెండింతలు తట్టుకునేది తీసుకోండి. సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్‌తో పని కానిద్దామనుకునేవాళ్లు ఉన్నారు. అది ఈ లోడ్‌కి కాలిపోతుంది.

ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. వస్తువు కొన్నది మనం, డబ్బు పెట్టింది మనం. అయినా అడుగున స్క్రూలకి మామూలు స్క్రూడ్రైవర్ పట్టకుండా మూడు మూలల తలలు పెడతారు, ఒక స్క్రూని స్టిక్కర్ కింద దాస్తారు. ప్రమాదం ఉందని హెచ్చరిక రాయడం సరైన పని. రిపేర్‌కి కూడా విప్పుకోనివ్వకుండా మూసేయడం మాత్రం అన్యాయం. ఒక్క ఫ్యూజ్ పోతే మెషీన్ మొత్తం చెత్తబుట్టలోకి వెళ్తోంది.

ఫ్యూజ్ అన్నాను కదా, నేను మెషీన్ మార్చిన నాలుగో నెలలో జరిగింది చెప్తాను. టంకం పనంతా మా తమ్ముడు చేశాడు. థర్మోస్టాట్ మధ్యమధ్యలో హీటర్‌ని ఆపేస్తోందని దాన్ని తీసేశాం. ఆ ఊపులో పక్కనే ఉన్న థర్మల్ ఫ్యూజ్‌ని, అంటే వేడి మరీ పెరిగితే కరెంట్ తెగ్గొట్టేదాన్ని కూడా తప్పించి నేరుగా తీగ కలిపేశాం. నెలల తరబడి ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ రాత్రి 90 గ్రాములు పోశాను. అయిదో నిమిషం. గింజలు పసుపు దాటి గోధుమరంగులోకి వస్తున్నాయి, గడ్డి వాసన పోయి కమ్మటి వాసన మొదలైంది. గింజలు గోడలకి రాసుకుంటూ తిరిగే గరగర ఒకటి ఉంటుంది, వేయించే మనిషి చెవికి అది అలవాటైపోతుంది. ఆ గరగర ఉన్నట్టుండి ఆగిపోయింది. గింజలు అలాగే కిందికి కూర్చున్నాయి. ఫ్యాన్ ఆగింది, హీటర్ ఆగలేదు.

నా చెయ్యి అలవాటుగా ఫ్యాన్ నాబ్ మీదికి వెళ్లింది. పెంచాను, ఏమీ లేదు. అప్పటికే పక్క చీలికల్లోంచి కాయిల్ ఎర్రగా కనిపిస్తోంది. పొట్టు ముక్క ఒకటి నిప్పురవ్వలా పైకి లేచింది. వెనకనుంచి తమ్ముడు "అన్నయ్యా, ప్లగ్గు పీకు, ప్లగ్గు!" అని అరిచాడు. పీకేశాను. అంతా కలిపి పది సెకన్లు దాటి ఉండదు. కానీ గిన్నె చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మెత్తబడి ఒకవైపుకి వాలిపోయింది. అడుగు గింజలు బొగ్గులై అతుక్కుపోయాయి, వాటికి రెండు వేళ్ల పైన ఉన్నవి మాత్రం ఇంకా లేత గోధుమరంగులోనే ఉన్నాయి. గాలి లేకపోతే వేడి గింజ దాకా చేరదని ఆ గిన్నెలో చూసినంత స్పష్టంగా నేను ఎక్కడా చూడలేదు.

తెల్లారి విప్పి చూస్తే, మోటార్‌కి తీగ అతికే లోహపు కాలు దగ్గర టంకం అదురుకి ఊడిపోయింది. అంతే.

ఆ రోజునుంచి మా మెషీన్‌లో ఫ్యాన్‌కి కరెంట్ అందితేనే హీటర్‌కి కరెంట్ వెళ్తుంది, మధ్యలో రిలే (కరెంట్‌తో పనిచేసే స్విచ్) పెట్టాం. ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటి ఉంది. రిలే తీగల్ని అడాప్టర్ దగ్గర కలిపితే లాభం లేదు. మోటార్‌కి వెళ్లే తీగ ఊడినా అడాప్టర్ దగ్గర కరెంట్ ఉంటూనే ఉంటుంది, రిలే హీటర్‌ని ఆపదు. అందుకే రిలే తీగల్ని మోటార్‌కి వెళ్లే తీగలకి కాకుండా, విడిగా మోటార్ కాళ్లకే కలపాలి. మోటారే బిగుసుకుపోతే రిలే కూడా ఏమీ చేయలేదు. అప్పుడు ఆదుకునేది థర్మల్ ఫ్యూజ్ ఒక్కటే. థర్మోస్టాట్ తీస్తే తీయండి, ఫ్యూజ్‌ని మాత్రం తీయకండి. విప్పినప్పుడల్లా ముందు ప్లగ్ పీకండి. కాయిల్‌కి తొడుగు ఉండదు, దానిలో నడిచేది మెయిన్స్ కరెంటే. ఈ పని తెలియనివాళ్లు తెలిసినవాళ్ల చేత చేయించుకోండి. ఒక్క నిమిషమైనా మెషీన్ దగ్గరనుంచి లేచి వెళ్లకండి.

గాలే ముఖ్యమన్నది నా ఒక్కడి మాట కాదు. వేడిగాలితో గింజల్ని తేల్చి వేయించే మెషీన్‌కి మైఖేల్ సివెట్జ్ అనే కెమికల్ ఇంజనీర్ 1976లో పేటెంట్ తీసుకున్నారు. మన పాప్‌కార్న్ మెషీన్‌లో జరిగేదీ అలాంటిదే, చిన్న గిన్నెలో. వేడి లోహం మీద గింజ అతుక్కునే పని లేదు, పొట్టు గాలికి ఎగిరిపోతుంది. తిరిగే లోహపు డ్రమ్ములో వేయించిందే అసలు కాఫీ అని వాదించేవాళ్లతో నాకు పడదు. సరిగ్గా మార్చిన పాప్‌కార్న్ మెషీన్ ఇచ్చే శుభ్రమైన రుచి చిన్న డ్రమ్ముల్లో నాకు ఎప్పుడూ దొరకలేదు.

నేను వేయించే తీరు ఇది. 90 గ్రాములు, ఫ్యాన్ పూర్తిగా, హీటర్ మధ్యస్థంగా. మొదట గింజలు బరువుగా ఉంటాయి, ఒక నిమిషం పాటు చెక్క గరిటె కాడతో కదుపుతాను. తేమ పోయేకొద్దీ గింజ తేలికవుతుంది, ఉబ్బుతుంది, పైకి ఎగరడం మొదలుపెడుతుంది. అప్పుడు ఫ్యాన్‌ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తాను. గాలి తగ్గితే వచ్చే గాలి వేడెక్కుతుంది, హీటర్‌ని పెద్దగా కదపక్కర్లేదు. ఏడో నిమిషం ప్రాంతంలో ఫస్ట్ క్రాక్. అది జోరందుకున్నాక నిమిషంన్నర, మహా అయితే రెండు నిమిషాలు. దించేసి చిల్లుల గిన్నెలో పోసి, ఫ్యాన్ ముందు ఎగరేస్తూ 3 నిమిషాల్లో చల్లారుస్తాను. దించాక కూడా గింజ లోపల వేగుతూనే ఉంటుంది, అందుకే ఆలస్యం పనికిరాదు. చల్లారాక తూకం వేస్తే 77 గ్రాముల చుట్టూ ఉంటుంది. నాకు థర్మామీటర్ కంటే ఆ తూకం మీదే నమ్మకం. 80 దాటితే ఇంకా వేగాల్సి ఉంది, 74కి దిగితే నేను కోరుకున్నదానికంటే మాడ్చేశాను.

"ఎన్ని డిగ్రీల దగ్గర దించాలి, ఎన్ని నిమిషాలు వేయించాలి?" అని అడిగేవాళ్లకి ఏం చెప్పాలో నాకు తోచదు. వేడి కొలిచే తీగ, థర్మోకపుల్, నాకూ ఉంది. దాని కొన గింజల మధ్యలో ఉందా, గాలి దారిలో ఉందా అన్నదాన్నిబట్టి అంకె మారిపోతుంది. నా 205 మీ 205 కాదు. నిమిషాల సంగతీ అంతే. లైన్ వోల్టేజ్ 10 శాతం పడిపోతే హీటర్ ఇచ్చే వేడి 19 శాతం తగ్గుతుంది, ఎందుకంటే పవర్ వోల్టేజ్ వర్గాన్నిబట్టి ఉంటుంది. సాయంత్రం 8 నిమిషాల్లో అయింది అదే మెషీన్‌లో, అదే గింజలతో, మర్నాడు పొద్దున 10 పట్టవచ్చు. గ్రాఫులు గీసుకునేవాళ్లు గీసుకోండి, కానీ చెవి మెషీన్ దగ్గరే పెట్టండి. రంగు, వాసన, చప్పుడు ఈ మూడూ అబద్ధం చెప్పవు.

ఇంకొకటి. నల్లగా, నూనె తేలేదాకా వేయిస్తే కాఫీ స్ట్రాంగ్ అవుతుందనే నమ్మకం ఎంతమందికి చెప్పినా పోవడం లేదు. వేయించినంత మాత్రాన కెఫీన్ పెరగదు, దాదాపు ఉన్నంతే ఉంటుంది. పెరిగేది చేదు. మంచి గింజని సెకండ్ క్రాక్ దాటించి బొగ్గు చేస్తే, ఏ తోట గింజైనా ఒకే రుచి. నాకు అది చూస్తే బాధగా ఉంటుంది.

వేయించిన వెంటనే తాగకండి. గింజలోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తూ ఉంటుంది, మొదటి రోజు రుచి పదునుగా, విడివిడిగా ఉంటుంది. నేను మూడో రోజు డబ్బా తెరుస్తాను. పచ్చి గింజలు తేమ, ఎండ తగలకుండా ఉంచితే ఆరు నెలలు హాయిగా ఉంటాయి. వేయించినవి రెండు మూడు వారాలకే చప్పబడతాయి. వారానికి రెండు విడతలు చొప్పున వేయించుకుంటే మా ఇంట్లో ఇద్దరికి సరిపోతోంది.

మీ దగ్గర మెషీన్ ఇప్పటికే ఉంటే, ఏమీ విప్పకముందు ఒకసారి 80 గ్రాములు పోసి గడియారం చూడండి. ఫస్ట్ క్రాక్ ఎన్నో నిమిషంలో వచ్చింది, అసలు వచ్చిందా, మధ్యలో హీటర్ ఆగిందా రాసుకోండి. ఆ వివరాలు, గిన్నె లోపలి ఫొటో ఇక్కడ పెడితే, చీలికలు ఎటు ఉన్నాయో చూసి ఏం మార్చాలో చెప్తాను.