మత్తు దిగినా తూలుతున్నారంటే అది మత్తు కాదేమో చూడండి

మీరు అడిగింది ఇదీ: నాన్నగారు ఏళ్లుగా రోజూ తాగుతారు, రెండు వారాలుగా సరిగా తినడం లేదు, మందు ముట్టని పూట కూడా తూలుతున్నారు, పొద్దున చెప్పింది సాయంత్రానికి గుర్తుండటం లేదు, ఇంట్లో ఉన్న బీకాంప్లెక్స్ మాత్రలు వేస్తే సరిపోతుందా అని. సరిపోదండీ. ఇది బి1 విటమిన్ కరువై మెదడు దెబ్బతినే జబ్బు కావచ్చు. ముందు ఆయన్ని ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, మిగతాది అక్కడ కూర్చుని చదువుకోవచ్చు. నేను డాక్టర్‌ని కాదు. మా అన్నయ్య విషయంలో ఇదే పొరపాటు చేసినదాన్ని.

అన్నయ్య మూడు వారాలు దాదాపు మందు మీదే గడిపాడు. ఏం తిన్నా వాంతి. కాళ్లు ఎడంగా వేస్తూ, గోడ పట్టుకుని నడిచేవాడు. ఎప్పుడూ తూలే మనిషి తూలితే ఇంట్లో ఎవరు పట్టించుకుంటారు? ‘ఇంకా దిగలేదు’ అనుకున్నాం. టీవీలో బొమ్మ రెండుగా కనిపిస్తోందన్నాడు, దానికీ విసుక్కున్నాం. అలా నాలుగు రోజులు పోయాయి.

ఐదో రోజు మరీ నీరసపడితే ఒక చిన్న క్లినిక్‌కి తీసుకెళ్లాం. తాగుతాడని చెప్పడానికి సిగ్గుపడి ‘గ్యాస్ట్రిక్ అండీ, తినలేకపోతున్నాడు’ అన్నాను. నేనే అన్నాను. వాళ్లు గ్లూకోజ్ ఎక్కించి పంపేశారు. ఆ రాత్రికి నన్ను గుర్తుపట్టలేదు.

గ్లూకోజ్ వల్లే అలా అయిందని ఎవరూ తేల్చలేదు, తేల్చలేరు కూడా. కానీ తర్వాత తెలుసుకున్నది ఏమిటంటే, మెదడు చక్కెరను శక్తిగా మార్చుకోవాలంటే బి1 విటమిన్, అంటే థయమిన్ ఉండి తీరాలి. ఒంట్లో దాని నిల్వ సుమారు 30 మిల్లీగ్రాములే. తిండి లేకపోతే కొన్ని వారాల్లో అడుగంటుతుంది. పైగా మద్యం దాన్ని పేగుల్లోనే సరిగా ఒంటబట్టనివ్వదు, దెబ్బతిన్న కాలేయం దాచుకోలేదు. అలాంటి ఒంట్లోకి ఒక్కసారిగా చక్కెర వెళితే మిగిలిన ఆ కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోతుంది. అందుకే థయమిన్ ముందు గానీ, గ్లూకోజ్‌తో పాటు గానీ పడాలి. షుగర్ బాగా పడిపోయి ఉంటే మాత్రం గ్లూకోజ్ ఆపమని గొడవ చేయకండి, ఆలస్యమైతే అదీ ప్రమాదమే. థయమిన్ కూడా ఇస్తున్నారా అని అడగండి, చాలు.

మర్నాడు పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ అన్నయ్య ముఖం ముందు పెన్ను పెట్టి మెల్లగా పక్కకి జరిపింది. పెన్ను చివరికి వెళ్లేసరికి కనుగుడ్లు అక్కడ నిలవలేక సన్నగా కొట్టుకోవడం నాకూ కనిపించింది. ‘తాగుతారా?’ అంది. ఈసారి దాచలేదు. స్కాన్ కోసం ఆగకుండా సెలైన్‌లో థయమిన్ మొదలుపెట్టింది, 500 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకు కావలసింది ఒక మిల్లీగ్రాముకు కాస్త ఎక్కువ, అంతే! మాత్ర ఎంత పెద్దది మింగినా తాగేవాళ్ల పేగులు పీల్చుకునేది చాలా తక్కువట. మీ బీకాంప్లెక్స్ సంగతి అదీ. రక్తంలో మెగ్నీషియం కూడా చూసి ఎక్కించారు, అది తక్కువైతే థయమిన్ సరిగా పనిచేయదు.

ఈ జబ్బు పేరు వెర్నికీ ఎన్‌కెఫలోపతీ. జర్మన్ డాక్టర్ కార్ల్ వెర్నికీ 1881లో ముగ్గురు రోగుల గురించి రాశాడు. ఇద్దరు తాగుబోతులు, మూడో ఆవిడ యాసిడ్ తాగాక ఆగని వాంతులతో చిక్కిపోయిన మనిషి. అంటే మందు అలవాటు లేనివాళ్లకీ వస్తుంది: గర్భిణులకు విపరీతమైన వాంతులైనప్పుడు, బరువు తగ్గే ఆపరేషన్ల తర్వాత. కళ్లు, నడక, అయోమయం అని మూడు గుర్తులు చెబుతారు గానీ మూడూ ఒకేసారి కనిపించేది కొద్దిమందిలోనే. మూడోది వచ్చాక చూద్దాం అనుకోవద్దు.

అన్నయ్య కళ్లు రెండు రోజుల్లో సర్దుకున్నాయి. నడక కుదురుకోవడానికి నెలలు పట్టింది. జ్ఞాపకశక్తి మాత్రం పూర్తిగా రాలేదు. ఇది కోర్సకాఫ్ సిండ్రోమ్, ఆ పేరు ఒక రష్యన్ డాక్టర్‌ది. వార్డులో తొమ్మిదో రోజు ‘నిన్నేం చేశావు?’ అని అడిగితే, బండి రిపేరుకి ఇచ్చొచ్చాననీ, మెకానిక్ బ్రేకు వైరు మార్చాలన్నాడనీ తడుముకోకుండా చెప్పాడు. తొమ్మిది రోజులుగా మంచం దిగని మనిషి! ‘ఇప్పుడు కూడా అబద్ధాలేనా?’ అని అరిచాను. అది అబద్ధం కాదని డాక్టర్ చెప్పాక గానీ అర్థం కాలేదు. గుర్తులేని ఖాళీని మెదడు దొరికిన పాత ముక్కతో పూడుస్తుంది, చెప్పే మనిషికి అది నిజమే. ఆ అరుపు తనకి గుర్తులేదు. నాకుంది.

ఇప్పుడు జేబులో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని తిరుగుతాడు. కొత్త పేర్లు నిలవవు, పాత లెక్కలన్నీ చెబుతాడు. మందు మానేశాడు, కాబట్టి మొదటి ఏడాదిలో కొంత మెరుగయ్యాడు.

ఇంకొకటి. భయపడి ఇంట్లోనే ఒక్కసారిగా మందు మాన్పించేయకండి. రోజూ తాగేవాళ్లకి అలా ఆపితే ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల్లో ఒళ్లంతా వణుకు, లేనివి కనిపించడం, ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఆసుపత్రిలో ఆపిస్తారు.

వెళ్లేముందు ఒక చీటీ మీద రాసుకోండి: రోజుకు ఎంత తాగుతారు, ఆఖరిసారి ఎప్పుడు తాగారు, కడుపునిండా తిని ఎన్నాళ్లయింది, వాంతులు ఎప్పటినుంచి. నోటితో చెప్పడానికి మొహమాటమైతే ఆ చీటీ డాక్టర్ చేతిలో పెట్టండి.