గుల్‌మార్గ్ వెళ్తున్న మనవడికి

బొబ్బిలి

చిరంజీవి మనవడికి తాతయ్య ఆశీస్సులు.

ఈ చలికాలం నువ్వు కాశ్మీరులోని గుల్‌మార్గ్‌కు స్కీయింగ్, అంటే కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు తగిలించుకొని మంచు మీద జారడం, నేర్చుకోవడానికి వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. సైన్యంలో ఉండగా ఆ కొండల మీద స్కీలతో తిరిగినవాణ్ని కనుక, అద్దె దుకాణంలో నీకు అక్కరకు వచ్చే సంగతులు రాస్తున్నాను. వాళ్లు చేతికిచ్చిన జతను చూడకుండా తీసుకోకు.

స్కీ లోపల సాధారణంగా చెక్క ఉంటుంది. దానికి పైనా కిందా ఫైబర్‌గ్లాస్ పొరలు అతికించి, అడుగున పాలిథిలీన్ బేస్, దాని అంచుల వెంబడి ఉక్కు ఎడ్జ్ అమరుస్తారు. గట్టి మంచును పట్టి నిలిపేది ఆ ఎడ్జే కాబట్టి, అది తుప్పుపట్టినా మొద్దుబారినా మొహమాటపడకుండా తిప్పి ఇచ్చెయ్యి.

తర్వాత స్కీని చదునైన నేల మీద పెట్టి పక్కనుంచి చూడు. నడుమ భాగం విల్లులా పైకి లేచి ఉంటే అది క్యాంబర్. నువ్వు ఎక్కి నిలబడగానే ఆ వంపు అణిగి, నీ బరువు కొస నుంచి కొస వరకు పరచుకొని, గట్టి మంచు మీద మంచి పట్టు దొరుకుతుంది. కొసలే ముందుగా నేలను విడిచి లేచి ఉంటే రాకర్. అది సులువుగా తిరుగుతుంది, పౌడర్ అనే మెత్తటి కొత్త మంచులో తేలుతుంది, కాని గట్టి మంచు మీద పట్టు తక్కువ. కొసల కంటే నడుము సన్నగా ఉండడాన్ని సైడ్‌కట్ అంటారు. దానివల్లనే స్కీని పక్కకు వాల్చినప్పుడు అది వంగి మలుపు తీసుకుంటుంది. పక్కకు జారిపోకుండా ఎడ్జ్ మీదనే సాగే అటువంటి మలుపు కార్వింగ్. ముందు కొసలు దగ్గరగా, వెనుక కొసలు దూరంగా ఉంచి వేగం తగ్గించే స్నోప్లౌతో నీ చదువు మొదలవుతుంది కనుక, గడ్డం ఎత్తు వచ్చే మెత్తటి స్కీలు చాలు. గుల్‌మార్గ్ పౌడర్‌కు పేరుపొందినదే అయినా, నడుము 100 మిల్లీమీటర్లు దాటిన వెడల్పు స్కీల జోలికి ఈ ఏడు వెళ్లకు.

మన జిల్లావాళ్లు చలికి జడిసి రెండు మూడు జతల మేజోళ్లు తొడుగుతారు. బూటులో అవి మడతలు పడి రక్తప్రసరణను అడ్డుకుంటాయి, పాదం మరింత చల్లబడుతుంది. పలచటి జత ఒక్కటే వేసుకో.

అన్నిటికంటే ముఖ్యం బూటును స్కీకి బిగించే బైండింగ్. పడినప్పుడు బూటును విడిచిపెట్టి కాలిని కాపాడేది అదే. దాని బిగువును డిన్ అనే అంకెతో చెబుతారు. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నైపుణ్యం చూసి దుకాణంలోని మెకానిక్ దాన్ని సరిచేస్తాడు. బాగా వచ్చునని గొప్పకు చెప్పావంటే, విడవవలసిన వేళ అది విడవదు.

రెండు కాళ్లూ ఒకే పలక మీద ఉంచి పక్కకు తిరిగి జారే స్నోబోర్డ్ మీద కూడా నీకు మనసుందని విన్నాను. ఎడమ కాలు ముందుంటే రెగ్యులర్, కుడి కాలు ముందుంటే గూఫీ. నునుపైన గచ్చు మీద మేజోళ్లతో జారి చూస్తే నీదేదో తెలుస్తుంది. మంచు దిబ్బలు పేర్చిన పార్కులో గెంతుతూ విన్యాసాలు చేసే ఫ్రీస్టైల్‌కు రెండు కొసలూ ఒకేలా ఉండే ట్విన్ బోర్డు, తీర్చిదిద్దని కొండవాలు మీద సాగే ఫ్రీరైడ్‌కు ముందు కొస పొడవైన డైరెక్షనల్ బోర్డు వాడతారు. స్నోబోర్డ్ బైండింగ్‌లు నువ్వు పడినా విడవవు, కొత్తవాళ్లు చేతులు ఆన్చి మణికట్లు విరగ్గొట్టుకుంటారు. అందుచేత మణికట్టు తొడుగులు లేకుండా బోర్డు ఎక్కకు. స్నోప్లౌలో నీకు నువ్వుగా ఆగడం వచ్చేదాకా అసలు దాన్ని అద్దెకే తీసుకోకు.

ఇట్లు
మీ తాతయ్య