పాఠకుల ప్రశ్నలు: లాక్మే ఎవరిది?

ప్రశ్న: హనుమకొండలో మాకు చిన్న కంగన్ హాల్ ఉంది. లాక్మే, పాండ్స్, వ్యాసెలిన్, గ్లో అండ్ లవ్లీ సరుకు మొత్తం ఒకే ఏజెన్సీ బండిలో వస్తుంది. లాక్మే టాటాలదేనని మా అత్తమ్మ గట్టిగా అంటారు. డబ్బా వెనుక మాత్రం వేరే కంపెనీ పేరు ఉంటుంది. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ అత్తమ్మ గారి మాట 1996 వరకు పూర్తిగా, 1998 వరకు సగం నిజం. ఇప్పుడు ఆ నాలుగింటి యజమానీ హిందుస్తాన్ యూనిలివరే.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, అసలే కొరతగా ఉన్న విదేశీ మారకద్రవ్యం దిగుమతి సౌందర్య సాధనాలకు ఖర్చవుతుండటంతో, వాటిని ఇక్కడే తయారు చేయించాలని ప్రధాని నెహ్రూ జె.ఆర్.డి. టాటాను కోరారని చెబుతారు. టాటా ఆయిల్ మిల్స్ 1952లో ఫ్రెంచి సంస్థల సహకారంతో లాక్మేను ప్రారంభించింది. జెనీవాలో పుట్టి టాటాల ఇంటి కోడలైన సిమోన్ టాటా 1961లో ఈ సంస్థ నిర్వహణలోకి వచ్చి, 1982లో అధ్యక్షురాలయ్యారు. లిప్‌స్టిక్ సినిమావాళ్లకే తగినదని మధ్యతరగతి ఇళ్లలో అనుకునే రోజుల్లో దానిని మామూలు ఉద్యోగిని చేతిసంచిలోకి చేర్చిన ఘనతలో పెద్ద వాటా ఆమెదే.

1991 ఆర్థిక సంస్కరణల తరువాత రెవ్లాన్ వంటి విదేశీ సంస్థలు నేరుగా మన మార్కెట్‌లోకి దిగాయి. హమామ్ సబ్బు తయారుచేసిన టాటా ఆయిల్ మిల్స్ 1993లోనే హిందుస్తాన్ లివర్‌లో (ఇప్పటి హిందుస్తాన్ యూనిలివర్‌కు పాత పేరు) విలీనమైంది. లాక్మే అప్పటికి టాటాల చేతిలోనే మిగిలినా, 1996లో లివర్‌తో చెరిసగం వాటాల సంయుక్త సంస్థగా మారింది. రెండేళ్లకు టాటాలు తమ సగాన్నీ, బ్రాండునూ కలిపి సుమారు 200 కోట్ల రూపాయలకు అమ్మేశారు. దీనిని ఓటమిగా చూసేవారున్నారు గానీ, నా దృష్టిలో అది సమయమెరిగిన బేరం. పాత లాక్మే కంపెనీయే ట్రెంట్‌గా పేరు మార్చుకుని, బట్టల దుకాణాల వ్యాపారంలోకి వెళ్లి, వెస్ట్‌సైడ్‌ను, ఆ తరువాత జూడియోను నిలబెట్టింది. ఆ జూడియోలో ఇప్పుడు లిప్‌స్టిక్‌లు కూడా అమ్ముతున్నారు!

పాండ్స్ దారి వేరు. అది 1846లో అమెరికాలో థెరాన్ పాండ్ అనే వ్యక్తి తయారుచేసిన మూలికా ఔషధంతో మొదలైంది. క్రీములు చాలా తరువాత వచ్చాయి. 1955లో వ్యాసెలిన్ తయారీదారైన చీజ్‌బ్రో సంస్థతో పాండ్స్ కలిసింది, ఆ ఉమ్మడి సంస్థను 1987లో హిందుస్తాన్ లివర్ మాతృసంస్థ అయిన యూనిలివర్ కొన్నది. అందుకే మీ బండిలో ఆ రెండూ జంటగా దిగుతాయి. గ్లో అండ్ లవ్లీ మాత్రం ఎవరి దగ్గరా కొన్నది కాదు. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీగా హిందుస్తాన్ లివరే తెచ్చి, తెల్లదనాన్ని అందంగా చూపుతున్నారన్న విమర్శల నడుమ 2020లో పేరు మార్చింది. గార్నియర్, మేబెలీన్ పక్కపక్క అరల్లోనే ఉన్నా ఈ కుటుంబానివి కావు. వాటి యజమాని, 1909లో యూజీన్ షూలర్ అనే రసాయన శాస్త్రవేత్త జుట్టు రంగులతో స్థాపించిన ఫ్రాన్స్ సంస్థ లోరియల్.

ప్రశ్న: చిన్న ప్యాకెట్లలో షాంపూ అమ్మకం కూడా ఈ పెద్ద కంపెనీల ఆలోచనేనా?
– డిగ్రీ విద్యార్థి, జమ్మికుంట

జవాబు: కాదు. ఆ మార్గం చూపింది తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్. ఆయన తరువాత కుమారులు వెల్వెట్ షాంపూను ప్యాకెట్లలో తెచ్చారు. వారిలో ఒకరైన సి.కె. రంగనాథన్ విడిపోయి, 1983లో 15,000 రూపాయలతో చిక్ షాంపూ మొదలుపెట్టారు. ఏ కంపెనీవైనా సరే, ఐదు ఖాళీ ప్యాకెట్లు తెచ్చిస్తే ఒక చిక్ ప్యాకెట్ ఉచితమని ఆయన ప్రకటించారు. జనం అలవాటుపడ్డాక, ఖాళీ చిక్ ప్యాకెట్లు తెస్తేనే ఇస్తామని షరతు మార్చారు. అప్పటికే పల్లె దుకాణదారులు చిక్ తెప్పించి పెట్టక తప్పని స్థితికి వచ్చారు. సీసా మొత్తానికి ఒకేసారి డబ్బు పెట్టలేని కూలి కుటుంబాల అవసరాన్ని పెద్ద కంపెనీల కంటే ముందు గుర్తించింది వెల్వెట్, ఆ తరువాత కెవిన్‌కేర్‌గా ఎదిగిన చిక్ వంటి చిన్న సంస్థలే. కిరాణా కొట్టు గుమ్మానికి నేడు దండలుగా వేలాడే ప్యాకెట్లలో ఆ పెద్ద కంపెనీలవీ ఉన్నాయి.