ఆటో నిండా మొక్కలు వద్దు

బుజ్జీ,

మావయ్య ఆశీస్సులు. కడియం నర్సరీలకి వెళ్లి ట్రాలీ ఆటో నిండా మొక్కలు తెస్తానన్నావు ఫోన్లో. వద్దమ్మా. ఈ ఏడు రెండంటే రెండే తెచ్చుకో, ఒక నిమ్మ, ఒక కరివేపాకు. కరివేపాకు మొదటి ఏడాది ముసుగుతన్ని పడుకుంటుంది, కంగారుపడి పీకెయ్యకు. పుల్ల మజ్జిగ పోస్తూ ఉండు.

మిగతా టైమంతా పెరట్లో కుర్చీ వేసుకుని చూడు. ఏప్రిల్లో మధ్యాహ్నం మూడింటి ఎండ ఎక్కడ కొడుతోంది, వాన నీళ్లు ఏ మూల నిలుస్తున్నాయి, పక్కింటి డాబా నీడ పుష్యమాసంలో ఎందాకా వస్తోంది. ఇవి ఏ నర్సరీవాడూ చెప్పలేడు.

గునపంతో అడుగు లోతు తవ్వి కూడా చూడు. కొత్త ఇల్లు కదా, సున్నం, సిమెంటు పెళ్లలు అక్కడే పూడ్చి పైన ఎర్రమట్టి పరిచి ఉంటారు. నిమ్మ లేతాకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయంటే నా అనుమానం మొదట ఆ పెళ్లల మీదే. ఏరించి పారేయించు. ఎరువు బాగా మాగింది వెయ్యి, చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాకూడదు. పచ్చిదైతే చెద పడుతుంది.

మామిడి వచ్చే ఏడు, మృగశిర కార్తెలో. మీ అమ్మ పెళ్లయిన ఏడు నేనూ బంగినపల్లి అంటు తెచ్చాను. మూడడుగుల గొయ్యి తీసి, అంటు కట్టిన ముడి మట్టిలో కూరుకుపోయేలా పాతాను. అడుగు నుంచి ఎర్రగా ఓ చిగురు దూసుకొస్తే ఎంత మురిసిపోయానో! అది బంగినపల్లిది కాదు, అంటు కట్టడానికి అడుగున వాడిన టెంక మొక్కది. పై కొమ్మ ఎప్పుడు ఎండిందో గమనించనేలేదు. ఎనిమిదో ఏట కాసింది, గుప్పెడంత కాయలు, పీచు, పళ్లు జివ్వుమనే పులుపు. మీ అత్తయ్య ఒక్కమాట అనలేదు, కత్తిపీట తీసి ఆవకాయకి కూర్చుంది.

నువ్వు ముడి నేలకి జానెడు ఎత్తున ఉంచు. దాని కింద చిగురు కనబడితే గిల్లెయ్. మొదటి మూడేళ్లు పూత కూడా తుంచెయ్యాలి. చెయ్యి రాదు, అయినా తుంచు.

కొబ్బరి మాట ఎత్తకు. దానికి పాతికడుగులు కావాలి, నీ పెరడే అంత లేదు. బొండాలు కొనుక్కో. పూలమొక్కలంటావా, నీ ఇష్టం. కనకాంబరం కాస్త నీడనైనా పూస్తుంది.

వేసవికి రా, ఆ చెట్టు ఆవకాయ ఒక జాడీ నీకోసం తీసిపెట్టాం. ఆటో అతనికి అడ్వాన్సు ఇచ్చేసుంటే, అది వెళ్లి వెనక్కి అడుగు.

మావయ్య