ఉద్యోగం మానేసి అంతరిక్షం గేమ్ చేస్తానన్న మా మేనకోడలికి

పెద వాల్తేరు, విశాఖపట్నం

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ముందు ఏడ్చింది, తర్వాత నన్ను తిట్టింది. "చిన్నప్పుడు దాన్ని బీచ్‌కి తీసుకెళ్లి ఆ ఇత్తడి సామాను చేతికిచ్చింది నువ్వే. ఇప్పుడు నువ్వే చెప్పుకో" అంది. రాజీనామా ఇచ్చేశావట. ఇద్దరు స్నేహితులతో కలిసి అంతరిక్ష నౌక నడిపే గేమ్ చేస్తున్నావట. అందులో సైన్సంతా నిజమైనదే ఉంటుందట. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. భయమూ వేసింది, గర్వంగానూ ఉంది. రెండూ ఒకేసారి వస్తే పడుకోవడం కష్టం. లేచి కూర్చుని ఇది రాస్తున్నాను.

మానేయమని చెప్పను. నీకు తెలిసినవే ఒకసారి అనేసి ముందుకు పోతాను. ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు వేరే ఖాతాలో వేసి దాని జోలికి పోకు. ముగ్గురి వాటాలెంతో స్నేహం బాగున్న ఈ రోజుల్లోనే కాగితం మీద రాసుకోండి. చేసిన పని రోజూ రెండు చోట్ల దాచుకో. వేళకి తిను.

ఇంజన్ ఆపగానే నౌక ఆగిపోయే గేమ్ మాత్రం చేయకమ్మా. నీళ్ల మీదే అలా జరగదు. సరుకు నిండిన ఓడ ఇంజన్ ఆపినా మైళ్లు సాగిపోతుంది. మన ఇన్నర్ హార్బర్ కాలువ చూశావుగా, ఒక పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇంకో పక్క మూడు మతాల గుళ్లున్న ఆ కొండలు. ఆ ఇరుకులోకి ఓడ వస్తున్నప్పుడు, దాన్ని రేవులోకి నడిపే పైలట్ ఆలోచనంతా ఎలా ఆపాలన్నదే. ఓడకి నీటి రాపిడి కొంత సాయం చేస్తుంది. నీ నౌకకి అదీ లేదు. ఎక్కించిన వేగమంతా మళ్లీ ఇంధనం కాల్చే దించాలి. రష్యా శాస్త్రవేత్త సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన రాకెట్ సూత్రం చెప్పేది అదే. వేగాన్ని నువ్వు కూడుకుంటూ పోతే, మోయాల్సిన బరువు హెచ్చవేతలో పెరుగుతుంది. ఆటగాడికి ఆ బరువు తెలియాలి.

నాకెలా తెలుసంటావా? నేను రిటైరయ్యాక మీ బావ తన పాత ల్యాప్‌టాప్‌లో కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అని, రాకెట్లు కట్టి నడిపే గేమ్ వేసిచ్చాడు. అంతరిక్ష నౌక నడిపే ఆర్బిటర్ అనే సిమ్యులేటర్ కూడా వేశాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో పనిచేసే మార్టిన్ ష్వైగర్ 2000 నుంచీ దాన్ని ఉచితంగా పంచుతున్నాడు, 2021లో లోపలి కోడ్ కూడా అందరికీ ఇచ్చేశాడు. నీ మొదటి లైను రాయకముందే అది చదువు.

కెర్బల్‌లో రెండు నౌకల్ని కలపడానికి పది రోజులు కష్టపడ్డాను. ఎదురుగా కనిపిస్తోంది కదా అని ముక్కు అటు పెట్టి ఇంజన్ వేస్తే, అది ఇంకా దూరం జరిగేది. 1965 జూన్‌లో అమెరికా వాళ్ల జెమినీ 4 నౌకలో జిమ్ మెక్‌డివిట్ అనే వ్యోమగామికీ ఇదే అయింది. తమను పైకి తెచ్చిన రాకెట్ అంచె దగ్గరికి పోబోయి, ఇంధనం కరిగిపోతుంటే వదిలేసుకున్నాడు. వేగం పెంచితే కక్ష్య పైకి లేస్తుంది, పైన తిరుగుడు నిదానం. ముందున్నదాన్ని అందుకోవాలంటే వేగం తగ్గించుకుని కిందికి దిగాలి. అదే ఏడాది డిసెంబర్ 15న ఆ లెక్క ప్రకారం నడిచిన జెమినీ 6ఏ, జెమినీ 7 పక్కకి చేరింది.

అంతరిక్షంలో రెండు ఉపగ్రహాల్ని కలిపిన మన ఇస్రో ప్రయోగం, స్పేడెక్స్, గుర్తుందా? 2024 డిసెంబర్ 30న రెండు చిన్న ఉపగ్రహాలు వెళ్లాయి, ఒక్కొక్కటి దాదాపు 220 కిలోలు. జనవరి 12న వాటిని 15 మీటర్ల దాకా, తర్వాత 3 మీటర్ల దాకా తెచ్చి, మళ్లీ వెనక్కి జరిపారు. "అంత దగ్గరికొచ్చి వెనక్కెళ్లడమేమిటండీ" అంది మీ అత్త. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి. రేవులో ఓడని కట్టే బెర్తు పక్కకొచ్చాక దాన్ని, కొలతలు చూసుకుందామని వెనక్కి తీయడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. 16న కలిపేశారు. నీ గేమ్‌లో వెనక్కి తగ్గిన ఆటగాడికి మార్కులు పోకూడదు, పెరగాలి.

అబద్ధాలు తప్పవని కూడా ఒప్పుకుంటాను. కెర్బల్‌లో భూమిలాంటి గ్రహం వ్యాసార్థం 600 కిలోమీటర్లే. మన భూమిది 6,371. అయినా గురుత్వాకర్షణ మాత్రం భూమి మీద ఉన్నంతే పెట్టారు. అంటే ఆ గ్రహం సాంద్రత భూమికి పది రెట్లు పైనే ఉండాలి, అలాంటి రాయి ఎక్కడా దొరకదు. కానీ దానివల్ల సెకనుకి 2.3 కిలోమీటర్ల వేగానికే కక్ష్య దొరుకుతుంది, అరగంటలో ఒక చుట్టు పూర్తవుతుంది. నిజం భూమికి 7.8 కావాలి, చుట్టుకి గంటన్నర. బడికెళ్లే పిల్లాడు సాయంత్రం ఆడుకోవడానికి కుదించారు, తెలిసే కుదించారు. నువ్వూ ఎక్కడెక్కడ కుదించావో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకో.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఇది మీ అమ్మకి తెలియదు. మీ అత్తకే పెళ్లయిన పదేళ్లకి చెప్పాను.

1979 నవంబర్. నాకు 27, అంటే దాదాపు నీ వయసు. ఒక సరుకు ఓడలో సెకండ్ మేట్‌ని, దారి లెక్కలన్నీ నా చేతిలోనే. తెల్లవారుజామున మద్రాసు వదిలాం. కాకినాడ ముందు లంగరేసి కొంత సరుకు పడవల్లోకి దించాక విశాఖ రావాలి. విశాఖ వస్తే ఐదు నెలల తర్వాత మా అమ్మని చూస్తాను. బంగాళాఖాతంలో వాయుగుండం, ఆకాశమంతా మూసుకుపోయింది. రాడార్ చెడిపోయి ఉంది. జీపీఎస్ లేని రోజులు. ఇక మిగిలింది డెడ్ రెకనింగ్. ఎటు పోతున్నాం, ఎంత వేగం, ఎంతసేపు అన్న మూడూ పట్టుకుని గంటగంటకీ చార్టు మీద చుక్క పెట్టి, చుక్క నుంచి చుక్కకి గీత కలపడం.

నవంబర్లో మన తీరం వెంట నీళ్లు ఉత్తరం నుంచి దక్షిణానికి పారతాయి. నాకు తెలుసు, పుస్తకంలోనూ ఉంది. గంటకి అర మైలు వెనక్కి తోస్తుందని వేసుకున్నాను, దినమంతా అదే అంకె వాడాను. ఆ రోజు అది రెండు మైళ్లు తోస్తోంది.

సాయంత్రం ఆరింటికి, సముద్రం అంచు ఇంకా కనిపిస్తుండగా, ఉత్తరాన మబ్బు చీలింది. ఒకే ఒక్క నక్షత్రం, హంస మండలంలోని డెనెబ్. సెక్స్‌టెంట్, అదే నీకు బీచ్‌లో ఇచ్చిన ఇత్తడి సామాను, ఎత్తి ఆ నక్షత్రం నీళ్ల అంచుకి ఎంత ఎత్తులో ఉందో కొలిచాను. క్రోనోమీటర్ చూసి టైము రాసుకున్నాను. ఉత్తరాన ఉన్న నక్షత్రం మన అక్షాంశం చెప్పేస్తుంది. లెక్క కడితే నా చుక్కకి ఇరవై మైళ్లు దక్షిణాన గీత వచ్చింది.

పొద్దుటి నుంచి పెట్టిన పద్నాలుగు చుక్కలూ వరసగా, ముచ్చటగా ఉన్నాయి. వాటికి ఎక్కడో దూరంగా ఈ ఒక్క గీత. వేరే నక్షత్రాన్ని చూసి డెనెబ్ అనుకున్నానేమో అనుకున్నాను. అలా అయితే బాగుండునని నా మనసు కోరుకుంది, అమ్మలూ. రబ్బరు తీసి గీత చెరిపేశాను. కెప్టెన్‌కి చెప్పలేదు.

రాత్రి రెండింటికి, నా చార్టు ప్రకారం, గోదావరి ముందున్న సాక్రమెంటో షోల్ అనే లోతు తక్కువ చోటు దాటేశాం. కాకినాడకని ఎడమకి తిప్పించాను. నిజానికి ఓడ ముప్పై మైళ్లు వెనకుంది. ఎడమ పక్కన ఉన్నది గోదావరి తెచ్చి పోసిన మేటలు. చుక్కాని పట్టుకున్నాయన భీమిలి మనిషి, మా నాన్న వయసుంటుంది. కాసేపు ఊరుకుని, "బాబూ, బురద వాసనేస్తంది. ఇది గోదారి" అన్నాడు. పరిగెత్తి లోతు కొలిచే ఎకో సౌండర్ వేశాను. నలభై మీటర్లు. ఇరవై ఎనిమిది. పంతొమ్మిది. మా ఓడ ఎనిమిది మీటర్లు నీళ్లలో మునిగి ఉంది. చుక్కాని పూర్తిగా కుడికి వేయించాను. ఓడ తిరగడానికి దాని టైము అది తీసుకుంటుంది. పన్నెండు దగ్గర అంకె నిలబడి, మళ్లీ పెరగడం మొదలైంది. కింద ముప్పై మందికి పైగా నిద్రలో ఉన్నారు.

కెప్టెన్ పైకొచ్చాడు. అరవలేదు. చార్టుని దీపం కిందికి లాక్కున్నాడు. రబ్బరు రుద్దినచోట కాగితం నలుగుతుంది కదా, ఆ చోట వేలు పెట్టి "ఇక్కడేముండేది?" అని అడిగాడు. చెప్పాను. పెన్సిల్ నా చేతికిచ్చి మళ్లీ గీయమన్నాడు. గీశాను. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ భీమిలి ఆయన విశాఖలో దిగి వెళ్లిపోయాడు. ఆయనకి ఒక దండం కూడా పెట్టలేదు నేను.

నీ కంప్యూటర్ చేసేదీ చుక్క పక్కన చుక్క పెట్టడమే, అందుకే భయం. చుక్క నుంచి చుక్కకి వేసే అడుగు మొదట్లో ఉన్న వేగాన్నే ఆ అడుగు పొడవునా వాడితే, గ్రహం చుట్టుచుట్టుకీ కొంచెం బయటికి జారుతుంది. దాన్ని ఆయిలర్ పద్ధతి అంటారని మీ బావ చెప్పాడు. నేను ఆ రోజు సముద్రపు ప్రవాహానికి వాడిందీ అదే. తెర మీద బొమ్మ నున్నగానే ఉంటుంది, లోపల ఎవరూ పోయని శక్తి పోగవుతూ ఉంటుంది. వేగాన్నీ స్థానాన్నీ సగం అడుగు తేడాతో మార్చుకుంటూ పోయే లీప్‌ఫ్రాగ్ పద్ధతిలో శక్తి అటూ ఇటూ ఊగుతుంది గానీ, ఒకే వైపు జారిపోదు. ఇంజన్ ఆగి ఉన్నంతసేపు గ్రహాల కక్ష్యలకి కెప్లర్ చెప్పిన సూత్రంతోనే నేరుగా లెక్కకట్టొచ్చు. కెర్బల్ చేసేది అదే, ఒక సమయంలో ఒక్క గోళం ఆకర్షణే చూస్తుంది. అందుకే మన ఆదిత్య-ఎల్1 2024 జనవరి 6న చేరుకున్నటువంటి చోటు ఆ ఆటలో లేనే లేదు. సూర్యుడూ భూమీ ఇద్దరూ కలిసి లాగితేనే ఆ చోటు పుడుతుంది. నీకు అది కావాలంటే అన్ని గోళాల్నీ కలిపి లెక్కకట్టక తప్పదు.

ఎక్కడి నుంచి కొలుస్తున్నావో కూడా చూసుకో. కంప్యూటర్ 32 బిట్లలో దాచుకునే దశాంశ సంఖ్యకి ఏడంకెల దాకానే నమ్మకం. భూమి మధ్య నుంచి మీటర్లలో కొలిస్తే, నేల మీదకి వచ్చేసరికే అది చెప్పగల పక్కపక్క అంకెల మధ్య ఎడం అర మీటరు. నౌక భాగాలు గజగజ వణికి విడిపోయేది అందుకే. కెర్బల్ వాళ్లు లోకాన్నంతా జరిపి నౌక దగ్గరే సున్నా పెట్టుకున్నారు. బెర్తు దగ్గర పైలట్ కూడా కొలిచేది గోడ నుంచే కదా.

నా గీతలాంటి గీత ఒకటి ఆకాశంలోనూ ఉండేది. బుధుడి కక్ష్య న్యూటన్ లెక్కకి సరిపోవడం లేదని 1859లో లెవెరియే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త చెప్పాడు. తేడా నూరేళ్లకి 43 వికళలని తర్వాత తేలింది, అంటే ఒక డిగ్రీలో దాదాపు ఎనభయ్యో వంతు. అంత చిన్నదాన్ని కూడా ఎవరూ చెరపలేదు. లేని గ్రహం కోసం వెతికారు, దొరకలేదు, అయినా చెరపలేదు. 1915లో ఐన్‌స్టీన్ వచ్చి ఆ 43 ఎక్కడివో చెప్పాడు.

ఈ ఊళ్లోనూ అలాంటివాళ్లున్నారు. గోడే జగ్గారావు గారు 1840లో డాబా గార్డెన్స్‌లో వేధశాల పెట్టారు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా పోవడాన్ని ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు అక్కడి నుంచే చూసి నమోదు చేశారు. నీకు తొమ్మిదేళ్లప్పుడు ఈ కథ చెప్తే, "వాళ్ల టెలిస్కోపు నాకిస్తారా" అని అడిగావు. మర్నాడు పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నా సెక్స్‌టెంట్‌తో, సముద్రంలోంచి లేస్తున్న సూర్యుణ్ని అద్దంలో దించి నీళ్ల అంచుకి తాకించావు. ఆరుసార్లు కొలిచావు. ఆరు అంకెలూ వేరు వేరుగా వస్తే ఏడుపు మొహంతో ఆరూ రాశావు. ఆ కాగితం నా దగ్గరుంది. నిన్న రాత్రి తీసి చూశాను.

రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా పనిచేస్తున్నావని మీ అమ్మ అంది. ఓడ మీద ఆ వేళ కాపలా, ఆ వాచ్, నాది, నాకు తెలుసు. ఆ వేళ మనిషికి తన గీతే నిజమనిపిస్తుంది. పెద్ద నిర్ణయాలు తెల్లారాక తీసుకో తల్లీ. పక్కవాడు "వాసనేస్తంది" అంటే చదువు లేనివాడైనా, ఆట ఆడి చూడ్డానికొచ్చిన పిల్లాడైనా, ముందు వెళ్లి లోతు చూడు. మీ ముగ్గురిలో ఆ మాట అనేదెవరో తెలుసుకుని వాళ్లని బాగా చూసుకో.

ఒక కోరిక కూడా ఉంది. అపోలో నౌకల్లో సెక్స్‌టెంట్ ఉండేది, 37 నక్షత్రాల పట్టికతో. నీ గేమ్‌లో అన్నీ చెడిపోయినప్పుడు ఆటగాడి చేతికి అది ఇవ్వు.

ఆదివారం భోజనానికి రండి, ముగ్గురూ. మీ అత్త చేపల పులుసు పెడతానంది. మీ అమ్మని కూడా రమ్మన్నాను, నేను ఉంటాను, ఏమీ అనదు. వచ్చేలోపు ఒక పని చెయ్యి. భూమి చుట్టూ 400 కిలోమీటర్ల ఎత్తున గాలి లేకుండా, ఇంజన్ ఆపేసి ఒక నౌకని వదులు. వెయ్యి చుట్లు తిరగనివ్వు. ఆఖర్న ఎత్తు ఎంతుందో కాగితం మీద రాసి తీసుకురా. ఎంతొచ్చినా సరే. సెక్స్‌టెంట్ తుడిచి బయట పెట్టాను.

మావయ్య