పాత ఫైబర్ బగ్గీ కారు కొని ఇంట్లో బాగుచేసుకోవచ్చా?

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది. ఆరేళ్ల కిందట నేనూ ఇదే అడుగుతూ తిరిగాను. ఇక్కడ అమెరికాలో మీకు దగ్గర్లో ఒకాయన షెడ్డులో 1970ల నాటి ఫైబర్‌గ్లాస్ డ్యూన్ బగ్గీ (ఇసుక దిబ్బల మీద నడిపే చిన్న ఓపెన్ కారు) పడి ఉంది, ఇంజన్ బిగుసుకుపోయింది, బాడీ నిండా పగుళ్లు, 3,000 డాలర్లు అడుగుతున్నాడు. మీకు కార్ల పనిలో అనుభవం లేదు, ఖాళీ గరాజ్ మాత్రం ఉంది. కొనొచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవుతుంది అని అడిగారు.

కొనొచ్చు. అయితే మీ టెన్షన్ అంతా ఆ పగుళ్ల గురించే ఉన్నట్టుంది. ఫైబర్‌ది ఏముందండి, ఎవరైనా నేర్చుకుని చేతులతో అతికేయగలరు. బేరం ఆడాల్సింది దాని కింద ఉన్న ఇనుమునీ, అమ్మేవాడి దగ్గరున్న టైటిల్ కాగితాన్నీ (బండి ఎవరిదో చెప్పే పత్రం) చూసి.

ఎందుకో తెలియాలంటే ఈ బళ్లు ఎలా పుట్టాయో కొంచెం చెప్పాలి. 1964లో కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌లో బ్రూస్ మేయర్స్ అనే ఆయన మొదటిది కట్టాడు. పేరు మేయర్స్ మాంక్స్. ఆయన కార్లవాడు కాదు, ఫైబర్ పడవలు తయారుచేసేవాడు. పడవ దొప్పలాగే కారు దొప్పను అచ్చులో పోసి, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజనూ చక్రాలూ దానికి తగిలించాడు. మొదటి డజను బళ్లకు విడిగా చాసిస్ (కింది ఇనుప చట్రం) లేదు, ఫైబర్ దొప్పే చాసిస్. అలా చేయడం ఖరీదైన వ్యవహారమని తేలాక పద్ధతి మార్చాడు. కొన్నవాడు పాత బీటిల్ తెచ్చుకుని, పై బాడీ విప్పేసి, కింద ఫ్లోర్ ప్యాన్‌ను (బండి అడుగు ఇనుప పళ్లెం) మధ్యలో సుమారు 14.5 అంగుళాలు కోసి, మళ్లీ అతికించి, దాని మీద ఈ ఫైబర్ దొప్ప బిగించుకోవాలి. బీటిల్ చక్రాల మధ్య దూరం 94.5 అంగుళాలు, కోశాక 80. కిట్ కారంటే ఇదే. బాడీ పెట్టెలో వస్తుంది, మిగతాది మన గరాజ్ పాలు.

1967లో మేయర్స్, ఇంకొకాయన కలిసి ఆ మొదటి బండిలోనే మెక్సికోలో టిహువానా, లా పాజ్ ఊళ్ల మధ్య దూరాన్ని 35 గంటల్లోపే దాటేసి అంతకు ముందు మోటార్‌సైకిల్ మీద ఉన్న రికార్డు కొట్టేశారు. ఇక అందరికీ అదే కావాలి. ఊరికొకడు అచ్చు తీసి నకళ్లు అమ్మడం మొదలుపెట్టాడు. మేయర్స్ పేటెంట్ పట్టుకుని కోర్టుకెళ్లి ఓడిపోయాడు. 1971కల్లా కంపెనీ మూతపడింది. ఇప్పుడు షెడ్లలో దొరికేవాటిలో ఎక్కువ భాగం నకళ్లే. నాదీ నకలే. అమ్మేవాడు "మాంక్స్" అంటే రుజువు అడగండి, రుజువు లేకపోతే నకలు ధరే ఇవ్వండి. నడపడానికి మాత్రం నకలైనా తేడా ఏం ఉండదు.

ఇప్పుడు ఆ కోత సంగతి. యాభై ఏళ్ల కిందట ఎవడో కుర్రాడు వాళ్ల నాన్న గరాజ్‌లో, టేపు పెట్టి కొలిచి, చేతికందిన వెల్డింగ్ మెషీన్‌తో చేసిన పని అది. మీరు కూర్చుని హైవే ఎక్కేది ఆ వెల్డింగ్ మీదే. నేను చేసిన పెద్ద తప్పు, బండి తెచ్చిన మొదటి ఏడాదంతా కంటికి కనిపించే పగుళ్ల మీద పడటం. బాడీ అంతా అతికి, గీకి, మురిసిపోయి, చివర్లో లోపలి కార్పెట్, తారు గీకితే అప్పుడు బయటపడింది. నడుమ గొట్టంలా ఉండే టన్నెల్‌ను కోసిన చోట, లోపల పట్టీ ఏమీ పెట్టకుండా, అంచుకు అంచు ఆనించి పైపైన వెల్డ్ చేశాడు. అదీ సగం దాకా చీలింది. మూల నుంచి మూలకు రెండు వైపులా కొలిస్తే ముప్పావు అంగుళం తేడా. అంటే బండి పుట్టినప్పటి నుంచి కొంచెం వంకరగానే నడిచింది.

మీరు చూడటానికి వెళ్లినప్పుడు టార్చి, టేపు, ఒక స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లండి. బ్యాటరీ కింద రేకును స్క్రూడ్రైవర్‌తో పొడవండి. బీటిల్ బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది, యాసిడ్ కారి అక్కడి రేకు తినేస్తుంది. రేకు పోతే కొత్తది దొరుకుతుంది, పెద్ద బెంగ లేదు. టన్నెల్ మీద అతుకు ఎక్కడుందో వెతికి దాని చుట్టూ చూడండి. తర్వాత నంబరు. బీటిల్ చాసిస్ నంబరు టన్నెల్ మీద, వెనక సీటు ఉండే చోట కొట్టి ఉంటుంది. చాలా చోట్ల ఈ బగ్గీలు కాగితాల మీద ఇప్పటికీ "1965 ఫోక్స్‌వ్యాగన్" లాగే ఉంటాయి. ఫైబర్ బాడీకి చట్టం దృష్టిలో పేరూ ఊరూ లేదు, ఆ నంబరే బండి. టైటిల్ మీద ఉన్న నంబరూ ఇనుము మీద ఉన్న నంబరూ ఒక్కటి కాకపోతే, లేదా ఆ చోటే కోసేసి ఉంటే, ఊరికే ఇచ్చినా తేవద్దు. రిజిస్ట్రేషన్ నియమాలు రాష్ట్రానికొక రకం. డబ్బు ఇవ్వకముందే మీ రాష్ట్రం ఆఫీసులో అడిగి పెట్టుకోండి.

నేను చివరికి టైటిల్ ఉన్న ఇంకో ప్యాన్ కొని, ఈసారి చేతకాని పని చేతకాదని ఒప్పుకుని, వెల్డింగ్ వచ్చినవాడితో కోయించాను. ఆయన పద్ధతి నాకు నచ్చింది. కోశాక ముందు చిన్న చిన్న చుక్కలు పెట్టి నిలబెట్టాడు. బాడీ తెచ్చి పైన పెట్టి బోల్టు రంధ్రాలు కలుస్తున్నాయా చూశాడు. మూలలు కొలిచాడు. అప్పుడు కానీ పూర్తి వెల్డ్ పెట్టలేదు. టన్నెల్ లోపల నుంచి పోయే గేర్ రాడ్డు, క్లచ్ గొట్టం, యాక్సిలరేటర్ గొట్టం, పెట్రోలు పైపు అన్నీ అంత మేరకు కురచ కావాలని గుర్తుపెట్టుకోండి.

ఇక ఫైబర్. ఇక్కడ నాకు మా ఊరు పనికొచ్చింది. నాది కాకినాడ. చిన్నప్పుడు ఉప్పాడ రోడ్డులో ఫైబర్ బోట్లు బోర్లించి అతుకులు వేస్తుంటే సైకిలాపుకుని చూసేవాళ్లం. నాతో చదువుకున్నవాడు ఇప్పుడు అదే పని చేస్తాడు. వీడియో కాల్‌లో బగ్గీ చూపించి, పగుళ్లన్నిటికీ లప్పం పెట్టి నున్నగా చేశాను చూడరా అన్నాను. వాడు ముఖం చిట్లించాడు. "ఒరేయ్, ఆ పగులు పైన కనపడతాది గానీ పుట్టింది లోపల్రా. పైన లప్పం పెడితే ఆర్నెల్లకి మళ్లీ నోరు తెరుస్తాది. బోర్లా తిప్పి ఎనకాల నుంచి కట్టు." వాడన్నట్టే అయింది, ఆర్నెల్లు కూడా పట్టలేదు.

బాడీ పైన కనిపించే నున్నటి రంగు పొరను జెల్‌కోట్ అంటారు. అది గాజులా పెళుసు. వెనక ఫైబర్ అటూ ఇటూ ఊగితే పైన అది సాలెగూడులా చిట్లుతుంది. అందుకే మొదట ఊగడం ఆపాలి. వెనక వైపు 40 నంబరు డిస్క్‌తో మురికి, పాత రంగు పోయి అసలు ఫైబర్ కనిపించేదాకా గ్రైండ్ చేయండి. పగులు చుట్టూ వాలుగా, అరచేతి వెడల్పున పల్చబడేలా గీకాలి. ఒక్కసారిగా లోతు తీస్తే కొత్త పొరకు పట్టు ఉండదు. పాత ఫైబర్‌తో కొత్త రెజిన్ (ఫైబర్‌ను తడిపి గట్టిపరిచే జిగురు ద్రవం) రసాయనికంగా కలవదు, గరుకును పట్టుకుని వేలాడుతుందంతే. కాబట్టి గీకుడులో బద్ధకిస్తే మొత్తం పొట్టులా లేచిపోతుంది. తర్వాత అసిటోన్‌తో తుడిచి, మ్యాట్ (గాజుపోగుల చాప) ముక్కలు చిన్నది, పెద్దది, ఇంకా పెద్దది వరసగా రెజిన్‌లో తడిపి వేసి, రోలర్‌తో గాలి బుడగలు బయటకు నెట్టాలి. వెనక గట్టిపడ్డాక ముందు వైపు పగులును వి ఆకారంలో తెరిచి నింపండి.

రెజిన్ విషయంలో నేను డబ్బు తగలేశాను, మీరు తగలేయకండి. మామూలుగా వాడే పాలియెస్టర్ రెజిన్ కంటే ఎపాక్సీ అనే ఇంకో రకం గట్టిదని ఎవరో చెబితే ఎపాక్సీ తెచ్చి, మామూలు మ్యాట్ మీద పోశాను. మ్యాట్ అట్టముక్కలా బిగుసుకునే ఉంది, వంపుల్లో కూర్చోదు. మ్యాట్‌లో పోగుల్ని అంటిపెట్టే జిగురు పాలియెస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవానికి కరుగుతుంది, ఎపాక్సీలో ఆ స్టైరీన్ ఉండదు. ఎపాక్సీ వాడాలంటే నేసిన గుడ్డ వాడాలి. మ్యాట్ వాడాలంటే పాలియెస్టర్. పైన మళ్లీ జెల్‌కోట్ వేసే ఉద్దేశం ఉంటే మొత్తం పాలియెస్టర్‌తోనే కానిచ్చేయండి, ఎపాక్సీ మీద అది సరిగా పట్టదు.

గట్టిపరిచే క్యాటలిస్ట్ 1 నుంచి 2 శాతం, అంతే. త్వరగా ఆరుతుందని ఎక్కువ పోస్తే కప్పు చేతిలోనే కాలి పొగ వస్తుంది, అతుకు పెళుసవుతుంది. ఒకసారికి టీ గ్లాసుడు మించి కలపకండి. మాది ఒహాయో, డిసెంబర్‌లో గరాజ్‌లో పనిచేస్తే మూడు రోజులైనా బంకగానే ఉండిపోయింది. 60 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన ఉంటేనే ఆ పని పెట్టుకోండి. చలికాలం వైరింగ్ చేసుకోండి. ఇంకోటి, క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్లద్దాలు లేకుండా మూత కూడా తీయకండి. గ్రైండ్ చేసేటప్పుడు మంచి రెస్పిరేటర్, పొడుగు చేతుల చొక్కా. దుమ్ము ఒంటికి అంటితే ముందు చన్నీళ్లు, వేడినీళ్లు పోసుకుంటే దురద రాత్రంతా నిద్రపోనివ్వదు. స్టైరీన్ వాసన గరాజ్ తలుపు సందుల్లోంచి ఇంట్లోకి వస్తుంది. మా ఆవిడ వంటింట్లోంచి "ఇవాళ పప్పులో కూడా మీ కారే ఉందండి" అన్న రోజు నుంచి పని పెరట్లోకి మార్చాను. పాత రంగు తీయడానికి ఇనుప కార్లకు వాడే స్ట్రిప్పర్ ద్రవం వాడకండి, రంగుతో పాటు రెజిన్‌నీ తినేస్తుంది. బ్లేడు, ఎమరీ పేపర్, ఓపిక.

చిన్న పగుళ్లకైతే బాడీని విప్పి బోర్లించొచ్చు గానీ, విడిగా స్టాండ్ల మీద పెట్టి పెద్ద అతుకులు వేయొద్దు. దొప్ప దానంతట అది మెలి తిరిగి ఉంటుంది, ఆ మెలికలోనే గట్టిపడిపోతుంది. బిగించబోతే రంధ్రాలు కలవవు. చాసిస్‌కు బిగించి ఉన్నప్పుడే పెద్ద పగుళ్లు కట్టాలి. అందుకే మళ్లీ మళ్లీ ముందు ఇనుము అంటున్నాను. బోల్టుల కింద వెడల్పు వాషర్లు, మధ్యలో రబ్బరు పట్టీ.

మీ బండి మీద మెరుపుల రంగు ఉంటే, అంటే జెల్‌కోట్‌లోనే మెటల్ ఫ్లేక్ కలిపి ఉంటే, దాన్ని గీకి మళ్లీ మెరిపిద్దాం అనుకోకండి. రేణువుల పైపొర తెగి కింద వెండి రంగు బయటపడుతుంది. నా నారింజ బండి సగం చేపపొలుసులా తయారయ్యాక పెయింటు షాపుకు ఇచ్చేశాను.

వైరింగ్‌లో ఒక్క మాట. ఇనుప కారులో లైటు బిగిస్తే బాడీయే ఎర్త్. ఫైబర్‌లో కరెంటు పారదు. నేను లైట్లన్నీ బిగించి బ్రేక్ తొక్కితే ఇండికేటర్లు మసకగా వెలిగాయి, రెండు వారాలు స్విచ్‌లు మారుస్తూ కూర్చున్నాను. ప్రతి లైటుకూ, మీటరుకూ, హారన్‌కూ విడిగా ఎర్త్ వైరు లాగి ఒకచోట కలిపి చాసిస్‌కు బిగించండి.

ఇంజన్ బిగుసుకుపోవడం గురించి నేనైతే బాధపడను. గాలితో చల్లబడే ఆ 1600 సీసీ ఇంజన్‌కు సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి, ఇద్దరు మనుషులు ఎత్తగలరు. పెట్రోలు రబ్బరు పైపులు మాత్రం చూడ్డానికి బాగున్నా అన్నీ మార్చేయండి. ఇంజన్ కేసు మెగ్నీషియం మిశ్రమం, అంటుకుంటే నీళ్లతో ఆరదు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ సీటు పక్కనే ఉండాలి.

ఖర్చు: బండి 2,400 డాలర్లు, రెండో ప్యాన్ 900, వెల్డింగ్ 700, ఇంజన్ 2,600, బ్రేకులు టైర్లు వైర్లు సీట్లు కలిపి 3,200, పెయింటు 1,800. రెజిన్, మ్యాట్, డిస్కులు, పాడుచేసిన ఎపాక్సీతో సహా 600. మొత్తం 12,200, శని ఆదివారాల్లో మూడేళ్లు. చూడండి, మీరు భయపడుతున్న ఫైబర్ వాటా ఎంతో.

కింద కామెంట్లలో ఎవరో ఇండియాలో ఇలా చేయొచ్చా అని అడిగారు. అక్కడ చాసిస్ కోసి కొత్త బాడీ ఎక్కిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. ఫైబర్ పని మీద సరదా ఉంటే 1980లలో బెంగళూరులో తయారైన సిపాని డాల్ఫిన్ వెతకండి. దాని బాడీ ఫైబరే, ఉన్నదాన్ని ఉన్నట్టు బాగుచేసుకోవచ్చు.

మీరు ఈ వారం వెళ్తే అడ్వాన్స్ ఇవ్వకుండా కార్పెట్ ఎత్తి, టన్నెల్ మీద అతుకు, నంబరు, బ్యాటరీ కింది రేకు, ఈ మూడింటికీ దగ్గర నుంచి ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. కార్పెట్ ఎత్తనివ్వకపోతే అక్కడి నుంచి వచ్చేయండి.