చమురు కంపెనీల్లో కోతలు చూసి బ్రాంచి మార్చాలా?

ప్రశ్న: మా అబ్బాయికి ఇంటర్ అయిపోయింది. పెట్రోలియం ఇంజనీరింగ్ చేస్తానంటున్నాడు. హ్యూస్టన్‌లో చమురు కంపెనీలో పనిచేసే మా తమ్ముడేమో ‘ఆఫీసులో ఎవరి ముఖంలోనూ కళ లేదు, వాణ్ణి ఇటు పంపొద్దు’ అంటున్నాడు. ఏఐ బ్రాంచిలో చేర్పిస్తే భద్రంగా ఉంటుందా? – ఒక తండ్రి

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమే. 2026 చివరికల్లా 15 నుంచి 20 శాతం సిబ్బందిని తగ్గిస్తామని అమెరికా చమురు కంపెనీ షెవ్రాన్ 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. అక్కడిదే మరో చమురు కంపెనీ కొనకోఫిలిప్స్ 20–25 శాతం అంది. ఇలాంటప్పుడు శాతం ముందు చెబుతారు, పేర్లు నెలల తర్వాత బయటికొస్తాయి. ఈలోపు విభాగాలు కలిపేసి, చేస్తున్న పనికే మళ్లీ దరఖాస్తు పెట్టుకోమంటారు. బయట ఉద్యోగం దొరికే సీనియర్లు కంపెనీ ఇచ్చే పరిహారం ప్యాకేజీ తీసుకుని ముందే వెళ్లిపోతారు. మిగిలినవాళ్ల మీద ఇద్దరి పని పడుతుంది. పంపు చప్పుడు విని బేరింగు పోతోందని చెప్పగల మనిషి వెళ్లిపోయాక, కొత్తగా చేరిన కుర్రాడికి నేర్పే దిక్కుండదు.

కానీ ఆ దిగులు మీ తమ్ముడిది. తెచ్చి పిల్లాడి నెత్తిన పెట్టకండి. వాడు పట్టా పుచ్చుకునేది నాలుగేళ్ల తర్వాత. 2012లో బ్యారెల్ 100 డాలర్లు దాటిందని చూసి చేరినవాళ్లు 2016లో బయటికొచ్చారు. ఆ జనవరిలో ధర 30 డాలర్ల కిందికి దిగింది. ఈరోజు వార్త చూసి నాలుగేళ్ల చదువు తేల్చేయడం అప్పుడూ తప్పే, మీరిప్పుడు చేస్తున్నదీ అదే.

ఇక ఏఐ బ్రాంచి. దీనిమీద నాకు అనుమానాలు ఎక్కువే. 2025 మే, జూలైల్లో మైక్రోసాఫ్ట్ దాదాపు 15 వేల మందిని తీసేసింది. మరి భద్రత ఎక్కడుందండీ? చాలా కాలేజీల్లో ఆ బ్రాంచి అంటే సీఎస్‌ఈ సిలబస్‌కి నాలుగైదు సబ్జెక్టులు తగిలించడమే. అవి చెప్పేదెవరో, ల్యాబ్‌లో ఏఐ లెక్కలకు వాడే జీపీయూ చిప్‌లున్నాయో లేదో కనుక్కున్నారా? ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా అంటే పడని పిల్లాణ్ణి అందులో కూర్చోబెడితే బ్యాక్‌లాగులే మిగులుతాయి.

మీవాడి ఇష్టం గట్టిదైతే బీటెక్‌లో కెమికల్ గానీ మెకానికల్ గానీ చదవనివ్వండి, పెట్రోలియం ఎంటెక్‌లో చూసుకోవచ్చు. హీట్ ట్రాన్స్‌ఫర్, ప్రాసెస్ కంట్రోల్ వచ్చినవాడు రిఫైనరీలో కాకపోతే ఎరువుల ఫ్యాక్టరీలోనో ఫార్మాలోనో పనికొస్తాడు. భూమిలోపలి చమురు నిల్వల లెక్కలు చూసే రిజర్వాయర్ ఇంజనీరింగే నమ్ముకున్నవాడికి ఆ వెసులుబాటు తక్కువ. పైథాన్ ప్రోగ్రామింగ్ కూడా పక్కనే నేర్చుకోమనండి. అక్కడ కోతలు పెడుతున్న షెవ్రానే బెంగళూరులో 100 కోట్ల డాలర్ల ఇంజనీరింగ్ కేంద్రాన్ని 2024లో ప్రకటించిందని మీ తమ్ముడు చెప్పలేదేమో.

ఎంత పెద్ద కంపెనీలో చేరినా ఏదో ఒక కోత తగలొచ్చు. ఆరోజు ఇంట్లో ‘అప్పుడే చెప్పాను’ అనేవాళ్లు లేకపోతే కుర్రాళ్లు త్వరగానే లేచి నిలబడతారు, కంగారుపడకండి.

క్యాంపస్‌కి కంపెనీ వచ్చినప్పుడు జీతం కన్నా ముందు మూడు విషయాలు అడగమనండి: పేరోల్ కంపెనీదా, కాంట్రాక్టరుదా? మొదటి ఏడాది పని నేర్పేదెవరు? ఆ పోస్టు ఎందుకు ఖాళీ అయింది? చివరిదానికి నీళ్లు నమిలితే, ఆ ఒక్క ఆఫరే పట్టుకుని మిగతా ఇంటర్వ్యూలు మానొద్దు.